నా పుస్తకం ఎవరు వేస్తారు?

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. కాకతీయుల చెరువుల మీద రెండో భాగం చేస్తానని పోయినసారి మాటిచ్చాను. అది వచ్చే వారం వస్తుంది, తిట్టుకోకండి. మధ్యలో ఒక మెసేజ్ వచ్చింది. దానికి రెండు లైన్లలో జవాబు ఇద్దామని కూర్చుంటే నూట యాభై ఏళ్ల వెనక్కి పోవాల్సి వచ్చింది.

మెసేజ్ పంపింది నర్సంపేట వైపు అమ్మాయి. డిగ్రీ అయిపోయింది. రెండేళ్లు కూర్చుని ఫోన్‌లోనే ఒక నవల రాసింది. వాళ్ల నాయనమ్మ కథ. ఒక ప్రచురణ సంస్థకు పంపితే వారంలో రిప్లై వచ్చిందట: "మీ నవల ఎంపికైంది, అభినందనలు." కింద లెక్క ఉంది. నలభై ఎనిమిది వేలు కట్టాలి. మూడు వందల కాపీలు వేస్తారు. యాభై ఆ అమ్మాయికి ఇస్తారు, మిగతావి వాళ్లే అమ్మి పది శాతం రాయల్టీ ఇస్తారు. ఇంకొక మాట కూడా ఉంది: భాష "స్టాండర్డ్" చేయాలి, యాస తీసేయాలి.

ఆ అమ్మాయి అడిగింది రెండే ప్రశ్నలు. "అన్నా, సొంత పైసలు పెట్టి పుస్తకం ఏసుకునుడు సిగ్గుచేటా? పాత రచయితలు గూడ పైసలు పెట్టిండ్రా?"

రెండో ప్రశ్న చరిత్ర ప్రశ్న, అది మన ఏరియా. అక్కణ్నుంచే మొదలుపెడదాం.

1874. రాజమండ్రి. కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' అనే పత్రిక మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. ఆస్తిపాస్తులున్న మనిషి కాదు, బడి పంతులు. మొదట్లో పత్రికను మద్రాసులో అచ్చు వేయించేవారు. ఒక్కసారి ఊహించండి. రాజమండ్రి నుంచి మద్రాసుకు అప్పటికి రైలు లేదు. చేత్తో రాసిన కాయితాలు అక్కడికి పోవాలి, ప్రూఫులు రావాలి, దిద్ది మళ్లీ పంపాలి. ఈ బాధ పడలేక రాజమండ్రిలోనే ప్రెస్ పెట్టుకున్నారు. తర్వాత ఆ పత్రికలోనే 1878లో ఒక కథను భాగాలుగా వేయడం మొదలుపెట్టారు. అది 1880లో పుస్తకంగా వచ్చింది. అదే 'రాజశేఖర చరిత్రము'. తెలుగులో తొలి నవలల గురించి మాట్లాడితే ఈ పేరు రాకుండా ఉండదు.

అంటే ఏంటి? ఆ నవలకు రచయిత ఆయనే, పత్రిక ఎడిటర్ ఆయనే, ప్రెస్సూ ఆయనదే. "మీ రచన ఎంపికైంది" అని ఆయనకు ఎవరూ ఉత్తరం రాయలేదు. ఎంపిక చేసే మనిషే అప్పటికి లేడు.

అంతకు ముందు పద్ధతి వేరు. కావ్యం రాస్తే రాజుకో జమీందారుకో అంకితం ఇవ్వాలి. ఆయన మెచ్చితే కవికి భుక్తి, కావ్యానికి పేరు. అచ్చు యంత్రాలు వచ్చాక కూడా ఈ అలవాటు వెంటనే పోలేదు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' చూడండి. 1892లో విజయనగరంలో ఆడారు. పుస్తకంగా వచ్చింది 1897లో. విజయనగరం మహారాజు ఆనంద గజపతికే అంకితం. నాటకం స్టేజీ మీద ఆడిన ఐదేళ్లకు గానీ అచ్చులోకి రాలేదు.

నాకు కన్యాశుల్కంలో ఇష్టమైన విషయం మాత్రం అది కాదు. ఆ 1897 పుస్తకం ఇవాళ మామూలు పాఠకులు ఎవరూ చదవరు. మనం చదివే కన్యాశుల్కం 1909లో వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత గురజాడ ఆ నాటకాన్ని విప్పి, చాలా పెంచి, దాదాపు కొత్తగా రాశారు. మొదటిది ఫెయిలై కాదు. ఆడింది, పేరొచ్చింది, అచ్చయింది. అయినా ఆయనకు చాల్లేదు. నా దగ్గరికి వచ్చే మెసేజుల్లో సగం ఇలా ఉంటాయి: "అన్నా, నిన్న రాత్రి కథ పూర్తి చేశా, ఎవరికి పంపాలి?" నిన్న రాత్రి పూర్తయిన దాన్ని ఎవరికీ పంపకండి బాబూ. పన్నెండేళ్లు ఆగమనను, కనీసం పన్నెండు రోజులు ఆగి ఒకసారి మీరే చదవండి.

ఇక యాస సంగతి. కన్యాశుల్కం వ్యవహార భాషలో ఉంది. ఆ రోజుల్లో పుస్తకమంటే గ్రాంథికమే. జనం ఇంట్లో మాట్లాడే మాటలు అచ్చులో కనబడటం చాలామంది పండితులకు నచ్చని పని. అందుకే గురజాడ మొదటి కూర్పుకు ఇంగ్లీషులో ముందుమాట రాసి, ఈ భాష ఎందుకు వాడానో వాదించుకోవాల్సి వచ్చింది. 1914లో కూడా పరీక్షల్లో ఏ తెలుగు ఉండాలనే విషయం మీద మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. పక్కన గిడుగు రామమూర్తి ఉన్నారు, అదో పెద్ద యుద్ధం, ఇంకో ఎపిసోడ్ చేస్తాను. ఇప్పుడు కావలసింది ఇంత మాత్రమే: "స్టాండర్డ్" చెయ్యమన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. గిరీశం చేత గ్రాంథికం మాట్లాడించి ఉంటే ఇవాళ గిరీశం పేరు ఎవరికి గుర్తుండేది? నాయనమ్మ నర్సంపేట మాట తీసేస్తే ఆ నవలలో నాయనమ్మ మిగలదు.

ఇప్పుడు కొంచెం బాధ కలిగించే కథ. భండారు అచ్చమాంబ.

1874లో పుట్టారు. వీరేశలింగం పత్రిక పెట్టిన సంవత్సరమే. బడికి పోలేదు. చిన్నప్పుడే పెళ్లి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే తానూ చదవడం నేర్చుకున్నారు. ఆ తమ్ముడే తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన మహానుభావుడు. ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రాశారు. కథలూ రాశారు. 'ధన త్రయోదశి' అనే కథ 1902లో 'హిందూ సుందరి' పత్రికలో వచ్చింది. 1905లో చనిపోయారు. ముప్పై ఏళ్లు.

గురజాడ 'దిద్దుబాటు' కథ ఎప్పుడొచ్చింది? 1910లో, 'ఆంధ్రభారతి'లో. మరి స్కూల్లో మనకు తొలి తెలుగు కథ అంటే ఏం చెప్పారు? దిద్దుబాటు. నేనూ పరీక్షలో అదే రాశాను, మార్కు కూడా వేశారు.

ఏది తొలి కథ, ఆధునిక కథంటే లక్షణాలేంటి అని పండితులు ఇంకా వాదించుకుంటారు, వాదించుకోనీండి. నాకు పట్టిన విషయం వేరే. ఎనిమిదేళ్ల ముందు అచ్చయిన కథ దశాబ్దాల పాటు ఎందుకు లెక్కలోకి రాలేదు? ఆడమనిషి రాసింది కాబట్టి అన్నది ఒక జవాబు, నిజమే. ఇంకో జవాబు చాలా మామూలుది. ఆ కథలు పాత పత్రికల్లోనే ఉండిపోయాయి. పత్రిక ఈ నెల వస్తుంది, వచ్చే నెల అటక ఎక్కుతుంది, ఆ తర్వాత చెదలు. ఈ మధ్య దశాబ్దాల్లో పరిశోధకులు పాత సంచికలు తవ్వి ఆ కథల్ని బయటికి తెచ్చారు కాబట్టి నేను ఇవాళ మీకు ఆ పేరు చెప్పగలుగుతున్నాను. మీ కథ ఏదైనా వెబ్ పత్రికలోనో యాప్‌లోనో వచ్చిందా? సంతోషం. దాని కాపీ మీ దగ్గర ఉందా? ఆ యాప్ మూతబడితే? ఈ వీడియో పాజ్ చేసి వెళ్లి సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

సరే, డబ్బు దగ్గరికొద్దాం. అమృతాంజనం తెలుసుగా, తలనొప్పికి రాసుకునేది. దాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు, మన కృష్ణా జిల్లావారు. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బుతో 1908లో బొంబాయిలోనే 'ఆంధ్రపత్రిక' వారపత్రిక పెట్టారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. 1924లో 'భారతి' మాసపత్రిక. భారతిలో ఒక కథో పద్యమో పడిందంటే ఆ రచయిత ఊళ్లో కాలర్ ఎగరేసుకుని తిరిగేవాడు. అంటే తెలుగు సాహిత్యంలో ఒక పెద్ద భాగం బ్యాలన్స్ షీట్ తలనొప్పి మందు మీద నడిచింది. సాహిత్యం తన డబ్బు తాను సంపాదించుకున్న రోజులు మన దగ్గర తక్కువ. జమీందారో, వ్యాపారో, రచయిత భార్య నగలో, ఎవరో ఒకరు వెనకాల భరించారు.

పోటీలు ఇంకో దారి. రాజమండ్రిలో 'చింతామణి' పత్రిక నవలల పోటీలు పెట్టేది. చిలకమర్తి లక్ష్మీనరసింహం 'రామచంద్ర విజయం' అలా 1894లో బహుమతి పొందింది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ పెడితే విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' బహుమతి పంచుకున్నాయి. విశ్వనాథ ఆ పెద్ద నవలను నోటితో చెబుతుంటే తమ్ముడు రాశారని అంటారు. 1952లో పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. పోటీ నిర్వహించింది న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్. ఒక్క విషయం గమనించండి: వీటిలో రచయిత ఎదురు డబ్బు కట్టలేదు. ఎంట్రీ ఫీజు రెండు వేలు, సర్టిఫికెట్‌కి ఐదు వందలు అనే పోటీలు ఇప్పుడు ఫోన్‌లో రోజూ కనబడుతున్నాయి. వాటికీ వీటికీ పేరులోనే పోలిక.

అదే 1934లో హైదరాబాద్‌లో ఇంకో సంగతి జరిగింది. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకాయన రాశారు. నిజాం రాజ్యం, ఉర్దూ రాజభాష, తెలుగు ప్రెస్సులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కవులు లేకపోవడం వేరు, కవుల్ని అచ్చు వేసేవాళ్లు లేకపోవడం వేరు. బయట నుంచి చూసేవాడికి రెండూ ఒకలాగే కనబడతాయి. 1926 నుంచి 'గోలకొండ పత్రిక' నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి ఎడిటోరియల్ రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో ఎంతమంది కవులో తెలుసా? 354. తిట్లు లేవు, వాదన లేదు. పేరు, పద్యం, పేరు, పద్యం. నాకు ఆ సంచిక తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు నాకు అందరికంటే ఇష్టమైన మనిషి దగ్గరికి వచ్చాం. వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లా, 1915లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఇళ్లల్లో వంట చేశారు. విజయవాడలో హోటల్ సర్వర్. తర్వాత హైదరాబాద్ వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడర్. ఇరవై మూడేళ్ల వయసులో, 1938లో, సికింద్రాబాద్‌లో 'దేశోద్ధారక గ్రంథమాల' అని ప్రచురణ సంస్థ పెట్టారు. దేశోద్ధారక అనేది అమృతాంజనం నాగేశ్వరరావు పంతులుగారి బిరుదు. ఆయన ఆ సంవత్సరమే చనిపోయారు.

పెట్టుబడి ఏదీ? లేదు. షాపు? లేదు. పుస్తకాలు వేయించి, మూట కట్టి, మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. అలా ముప్పైకి పైగా పుస్తకాలు వేశారు. ఎక్కువ వేరేవాళ్లవే. తన 'ప్రజల మనిషి' నవల తర్వాత వచ్చింది. మధ్యలో జైలు. నిజామాబాద్ జైల్లో ఆయన, దాశరథి కృష్ణమాచార్య కలిసి ఉన్నారు. దాశరథికి కాగితం దొరక్క బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశారు. కాగితం లేని చోట కూడా ఒక కవికి పక్కన ప్రచురణకర్త ఉన్నాడన్నమాట. 1949లో దాశరథి 'అగ్నిధార' వచ్చినప్పుడు దాన్ని అంకితం ఇచ్చింది ఈ ఆళ్వారుస్వామికే. రాజు పోయాడు, జమీందారు పోయాడు. అంకితం పుస్తకాల మూట మోసిన మనిషికి దక్కింది.

ఇక శ్రీశ్రీ. 'మహాప్రస్థానం' కవితలు ఎక్కువ భాగం 1930లలో రాసినవి. పత్రికల్లో వచ్చాయి, జనం నోళ్లలో తిరిగాయి. చలం దానికి 'యోగ్యతా పత్రం' రాసింది 1940లో. పుస్తకం వచ్చింది 1950లో. ముందుమాట రెడీ అయ్యాక పదేళ్లు! ఈ శతాబ్దం నాది అన్న మనిషి సంగతే ఇది. అంతకుముందు 1928లో, పద్దెనిమిదేళ్లప్పుడు, 'ప్రభవ' అనే పుస్తకం వేశారు. దాన్ని ఇప్పుడు పరిశోధకులు తప్ప ఎవరూ చదవరు. తొందరగా వచ్చిన పుస్తకం ఒకటి, ఆలస్యంగా వచ్చిన పుస్తకం ఒకటి, ఒకే మనిషివి.

తర్వాత వారపత్రికల కాలం. దీని గురించి మీ అమ్మని, అమ్మమ్మని అడగండి, నాకంటే బాగా చెప్తారు. అరవైలు, డెబ్బైలు, ఎనభైలు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ', తర్వాత ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి 'తులసిదళం'. సీరియల్ కోసం వీక్లీ కొనేవాళ్లు. ఎమెస్కో వాళ్ల ఇంటింటి గ్రంథాలయం, వీధి చివర అద్దె పుస్తకాల షాపు. రచయిత్రుల నవలలు ఎంత అమ్ముడుపోయేవంటే కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. మన చరిత్రలో రచయిత రాసి, డబ్బు కట్టకుండా, ఎదురు చెక్కు అందుకున్న కాలం ప్రధానంగా అదే. టీవీ వచ్చింది, సీరియల్ అందులోకి పోయింది. 1991లో భారతి ఆగిపోయింది. ఒక్కొక్కటే వీక్లీలు మూతపడ్డాయి, కోవిడ్‌లో మరికొన్ని.

నేను కూడా ఆ తోక పట్టుకున్నవాణ్నే. ఇంటర్‌లో ఉండగా ఒక వీక్లీకి కథ పంపాను, తిరుగు టపాకు స్టాంపులు అతికించి మరీ. జవాబు రాలేదు. ఏడాది పైనే చూశాను. కథ రాలేదు గానీ పత్రికే ఆగిపోయిందని తెలిసింది. స్టాంపులైనా తిరిగి రాలేదు.

సరే, ఇప్పుడు ఆ అమ్మాయి రెండు ప్రశ్నలు. పాత రచయితలు సొంత డబ్బు పెట్టారా? పెట్టారు. వీరేశలింగం నుంచి ఆళ్వారుస్వామి దాకా చూశాం. కాబట్టి సిగ్గు ఏమీ లేదు. కానీ వాళ్లు డబ్బు పెట్టాక పుస్తకం వాళ్ల చేతిలో ఉంది. ఇక్కడ లెక్క చూడండి.

నలభై ఎనిమిది వేలు, మూడు వందల కాపీలు. కాపీకి నూట అరవై పడింది. ధర రెండు వందలట. పది శాతం రాయల్టీ అంటే కాపీకి ఇరవై. యాభై పోను మిగిలిన రెండు వందల యాభై మొత్తం అమ్ముడైతే ఐదు వేలు. అంటే పుస్తకం సూపర్ హిట్ అయినా ఆ అమ్మాయికి నలభై మూడు వేలు పోయి యాభై పుస్తకాలు మిగులుతాయి. ఇది ప్రచురణ కాదు. ప్రింటింగ్ బిల్లు, పైన అభినందనలు అతికించారు. అదే డబ్బుతో తానే డీటీపీ చేయించి, ప్రెస్‌లో వేయిస్తే మూడు వందల కాపీలూ తనవే. షాపువాళ్లు నలభై శాతం కమిషన్ తీసుకున్నా కాపీకి నూట ఇరవై వస్తుంది. అప్పుడూ నష్టమే, కానీ పెద్ద నష్టం కాదు, చేతికి అమ్మినవి నేరుగా రెండు వందలు. ఐఎస్‌బీఎన్ నంబర్ కోసం కొందరు మూడు వేలు, ఐదు వేలు అడుగుతున్నారు. మన దేశంలో అది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ పేరు మీద ఉన్న జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో మీరే అప్లై చేసుకోవచ్చు.

ఇంకొకటి. ఆ అగ్రిమెంట్ ఫొటో కూడా పంపింది. నాలుగో పేజీలో ఉంది అసలు విషయం: ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్, అన్ని హక్కులూ శాశ్వతంగా వాళ్లకే. కాపీరైట్ చట్టం 1957లో హక్కుల బదిలీ గురించి 19వ సెక్షన్ ఉంది. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లే అని చట్టం అనుకుంటుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకుంటే తప్ప, ఆ హక్కు తిరిగి రచయితకే వస్తుంది. కానీ "శాశ్వతంగా" అని రాసినదాని కింద మీరే సంతకం పెడితే ఈ ఐదేళ్ల రక్షణ మీకు పనిచేయదు. రచయిత కాపీరైట్ జీవితకాలం ప్లస్ అరవై ఏళ్లు. ఆ అమ్మాయికి ఇరవై రెండు. అంటే ఆ సంతకం ఆమె మనవల దాకా పోతుంది.

అందుకని, చెల్లెమ్మా, ఆ డబ్బు ఇప్పుడు కట్టకు. ఆ నవల్లో మొదటి మూడు అధ్యాయాలు నాకు పంపావు కదా, చదివాను. బీడీలు చుట్టే సీన్ బాగుంది. రెండో అధ్యాయం సగం కొట్టేయొచ్చు. మీ నాయనమ్మ మాట ఒక్కటి కూడా మార్చకు. ముందు అందులోంచి ఒక కథ విడదీసి పత్రికలకు పంపు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్లి, చిన్న చిన్న ప్రచురణ స్టాళ్ల దగ్గర నిలబడి వాళ్లు ఎలాంటి పుస్తకాలు వేస్తున్నారో చూడు. మనతో డబ్బు అడగకుండా కొత్తవాళ్లను వేసేవాళ్లు తక్కువమందే, కానీ ఉన్నారు. ఎవరూ వేయకపోతే వంద కాపీలు మనమే వేయిద్దాం. మీ ఊళ్లో అమ్మకానికి నేనూ వస్తాను, మూట నేను మోస్తాను.

మిగతావాళ్లు, మీకూ ఇలాంటి అగ్రిమెంట్లు వచ్చి ఉంటే పేర్లు కొట్టేసి ఫొటో పంపండి, ఒక లాయర్ ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి లైవ్‌లో చదివిద్దాం. వచ్చే వారం మాత్రం ఖాయంగా చెరువులు.